వానపాముకి కళ్లు గీయకండి: చిన్నపిల్లలకు నిజాలు చెప్పే బొమ్మల పుస్తకం తయారుచేయడం ఎలా?

నా మొదటి వానపాము బొమ్మకి రెండు కళ్లు పెట్టాను. రెండు నల్ల చుక్కలు, వాటి కింద సన్నగా ఒక నవ్వు. ముద్దొస్తుందని. ఆ పేజీలో ఉన్న వాక్యమేమో ‘వానపాముకి కళ్లు లేవు’. ముగ్గురు పెద్దవాళ్లు ఆ డమ్మీ (అచ్చుకు ముందు చేత్తో కట్టుకునే నమూనా పుస్తకం) చదివారు, ముగ్గురూ బాగుందన్నారు. నాలుగో పాఠకురాలికి ఐదేళ్లు. వాక్యం వింది, బొమ్మ చూసింది, ఒక చుక్క మీద వేలు పెట్టి ‘మరి ఇవేంటి?’ అంది.

పెద్దవాళ్లం అక్షరాలు చదివేసి బొమ్మను ఒక చూపు చూసి వదిలేస్తాం. చదవడం రాని పిల్లలు బొమ్మనే చదువుతారు. మనం చదివి వినిపిస్తున్నంతసేపూ వాళ్ల కళ్లు బొమ్మలోనే తిరుగుతుంటాయి. వాక్యంలో తప్పు ఎంత తప్పో బొమ్మలో తప్పూ అంతే. ఆ రోజు నుంచి నేను పని చేసే తీరంతా మారిపోయింది. కింద రాసింది ఆ తీరే.

ఇది మూడు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం జంతువులు, వాన, యంత్రాలు, మన ఒళ్లు లాంటి నిజమైన విషయాల మీద బొమ్మల పుస్తకం తయారుచేయాలనుకునేవాళ్లకు. పిల్లలకు కథలుంటే చాలు, నిజాలు బోరు కొడతాయి అనే మాట చాలాసార్లు వింటాం. నెల్ డ్యూక్ అనే పరిశోధకురాలు అమెరికాలో 20 ఒకటో తరగతి గదులను గమనించి 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ తరగతుల్లో సమాచారం చెప్పే పుస్తకాలకూ రాతలకూ దక్కిన సమయం రోజుకు సగటున 3.6 నిమిషాలు. తరగతి గది అలమరాల్లో కూడా అలాంటి పుస్తకాలు తక్కువే. వడ్డించనే వడ్డించకుండా పిల్లలకు రుచించలేదని అంటే ఎలా?

ఉదాహరణలన్నిటికీ నా వానపామునే వాడుకుంటాను. మీరు మీ విషయం పెట్టుకుని చదువుకోండి.

1. ఎవరు చదువుతారో తేల్చుకోండి

‘ఏ వయసు వాళ్లకి?’ అనేది రెండో ప్రశ్న. మొదటిది ‘పుస్తకం ఎవరి గొంతులో వినిపిస్తుంది?’ అనేది. పెద్దవాళ్లు ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివే పుస్తకం వేరు. పిల్లలు కూడబలుక్కుంటూ తామే చదువుకునే పుస్తకం వేరు. ఈ రెంటినీ కలిపేసిన పుస్తకాలే ఎక్కువ, అందుకే అవి ఎవరికీ సరిపోవు.

చదివి వినిపించే పుస్తకంలో మాటల విషయంలో భయం అక్కర్లేదు. ‘బొరియ’ అనే మాట నాలుగేళ్ల పిల్లకి తెలియకపోయినా బొమ్మ ఉంది, చదివే మనిషి పక్కనే ఉంది. పెద్ద మాటలంటే పిల్లలకు సరదా కూడా. డైనోసార్ల పేర్లు గడగడా అప్పజెప్పే పిల్లల్ని మీరూ చూసే ఉంటారు. సొంతంగా చదువుకునే పుస్తకంలో మాత్రం ప్రతి అక్షరం ఒక మెట్టు. అక్కడ మన భాషకు దాని లెక్క దానికుంది. దాని సంగతి ఐదో మెట్టులో చెప్తాను.

మూడేళ్ల లోపు పిల్లలకైతే ఇదంతా పెద్ద హంగామా. వాళ్లకి అట్టపుస్తకం చాలు: మందపాటి పేజీలు, గుండ్రటి మూలలు, పేజీకొక బొమ్మ, ఒక మాట. ఎలాగూ ముందు నోట్లో పెట్టుకుంటారు.

2. విషయాన్ని ప్రశ్నగా మార్చండి

‘వానపాములు’ అన్నది విషయం. దాంతో పుస్తకం అవదు. ఆ పేరుతో మొదలుపెడితే ఎలా ఉంటుంది, ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎలా పుడుతుంది, మనకేం ఉపయోగం అని పాఠ్యపుస్తకం దారిలో పడిపోతాం. పేజీలు నిండుతాయి గానీ, పేజీ తిప్పాలన్న ఆత్రం పుట్టదు.

నేను చాలా కాగితాలు చించాక దొరికిన ప్రశ్న ఇది: ‘కళ్లు లేవు, చెవులు లేవు, ముక్కు లేదు. మరి వానపాముకి చుట్టూ ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది?’ ఈ ప్రశ్న దొరకగానే ఏది ఉంచాలో ఏది తీసేయాలో దానంతటదే తేలిపోయింది. వానపాము గుడ్ల సంగతి ఎంతో బాగుంటుంది. అయినా ఈ పుస్తకంలో దానికి చోటు లేదు. తీసేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. తీసేశాను.

మంచి ప్రశ్నకి గుర్తేమిటంటే, దాన్ని పిల్లలతో అన్నప్పుడు వెంటనే ఏదో ఒక జవాబు చెప్పాలనిపించాలి, ఆ జవాబు తప్పయ్యే అవకాశమూ ఉండాలి. ‘వానపాము వల్ల లాభాలేమిటి?’ అంటే ఎవరూ పలకరు. ‘చెవుల్లేని వానపాము దగ్గర పియానో వాయిస్తే ఏమవుతుంది?’ అనండి, గదిలో నాలుగు చేతులు లేస్తాయి.

ప్రశ్న కుదిరాక ఆకారం వెతకండి. కప్ప, సీతాకోకచిలుక లాంటివాటికి చక్రం సరిపోతుంది: గుడ్డుతో మొదలై గుడ్డుతో ముగుస్తుంది. యంత్రాలకు బయటి నుంచి లోపలికి వెళ్లే దారి నప్పుతుంది. ‘ఇది పామేనా? కాదు’ అనే పద్ధతిలో ఒక్కో అనుమానమూ తీరుస్తూ పోవచ్చు. వీటిలో ఏదో ఒకటి పట్టుకోండి, రెండు కలపొద్దు.

3. నిజాలు పోగేయండి, తర్వాత వాటిని అనుమానించండి

పిల్లల పుస్తకం కదా, పిల్లల పుస్తకాలు చూసి రాస్తే చాలనుకుంటే అక్కడే దెబ్బతింటాం. అవి ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి కావచ్చు. ఒకరి తప్పు పది పుస్తకాల్లోకి పాకుతుంది.

నా అనుభవంలో మూడు రకాల తప్పులు ఎదురయ్యాయి. మొదటిది శుద్ధ అబద్ధం. వానపామును రెండు ముక్కలు చేస్తే రెండు వానపాములవుతాయని నేనూ చిన్నప్పుడు నమ్మాను. అవవు. ఎక్కడ తెగిందన్నదాన్ని బట్టి తల ఉన్న ముక్క బతికితే బతకొచ్చు, అంతే. ఇలాంటి మాట పిల్లల పుస్తకంలోకి వస్తే తర్వాత ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? పరీక్షించి చూస్తారు.

రెండోది సగం నిజం. ‘వానపాముకి ఐదు గుండెలు’ అని చాలాచోట్ల కనిపిస్తుంది. బాగా అధ్యయనం చేసిన ఒక రకం వానపాములో గుండెలా కొట్టుకునే ఐదు జతల రక్తనాళాలు ఉంటాయి. అంటే అవి జతలు, పైగా మన గుండె లాంటివి కావు. ఇతర రకాల్లో ఆ లెక్క మారుతుంది కూడా. ఈ సంగతంతా ఒక్క వాక్యంలో ఇమిడించలేకపోతే ఆ వాక్యమే వద్దు.

మూడోది ఇంకా తేలనిది. వాన పడితే వానపాములు ఎందుకు బయటికొస్తాయి? బొరియల్లో నీళ్లు నిండి ఊపిరాడక అని చాలామంది చెప్తారు. తడి నేల మీద తేలిగ్గా దూరం వెళ్లొచ్చని అనే శాస్త్రవేత్తలున్నారు, చినుకుల అదురుకు వస్తాయనేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ నేను పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్తాను: ‘ఎందుకో శాస్త్రవేత్తలు ఇంకా వెతుకుతున్నారు.’ ఈ వాక్యం చదివినప్పుడల్లా పిల్లలు తమ ఊహ చెప్పకుండా ఉండరు. పుస్తకం మొత్తంలో ఎక్కువ మాటలు పుట్టించేది ఇదే.

అసలైన ఆధారం దగ్గరికి వెళ్తే ఇంకో లాభం ఉంది. అక్కడ సమాచారంతో పాటు సంఘటనలు దొరుకుతాయి. చార్లెస్ డార్విన్ వానపాముల మీద మొదటి వ్యాసం 1837లో చదివాడు, పుస్తకం 1881లో తెచ్చాడు. మధ్యలో 44 ఏళ్లు. కుండీల్లో వానపాములు పెంచి వాటికి వినపడుతుందేమో చూడాలని లోహపు ఈల ఊదించాడు. కదల్లేదు. బసూన్ అనే పెద్ద ఊదుడు వాద్యాన్ని గట్టిగా వాయించారు. ఊహూఁ. అరిచారు. లెక్కచేయలేదు. పియానో పక్కన కుండీలు పెట్టి వీలైనంత గట్టిగా వాయించారు. అయినా అవి ఉలకలేదు, పలకలేదు. అవే కుండీలను పియానో మీద పెట్టి ఒక మీట నొక్కగానే వానపాములు చటుక్కున బొరియల్లోకి జారుకున్నాయి. శబ్దం వినపడక్కర్లేదు, అదురు ఒంటికి తెలిసింది.

ఇంతకన్నా మంచి సన్నివేశం నేను కల్పించగలనా? నా ప్రశ్నకు జవాబు, నవ్వు, ఆశ్చర్యం అన్నీ అందులోనే ఉన్నాయి.

ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఎడమ పేజీలో మీరు రాయబోయే ప్రతి వాక్యం, కుడి పేజీలో అది ఎక్కడ దొరికిందో రాసుకోండి. ఒకదాన్నుంచి ఒకటి ఎత్తుకోని రెండు చోట్ల ఆ మాట దొరికే దాకా టిక్కు పెట్టకండి. చివర్లో ఆ విషయం చదువుకున్న మనిషి ఒకరికి చూపించండి. ‘ఒకసారి చూస్తారా’ అని ఫైలు పంపితే ‘చాలా బాగుంది’ అని జవాబొస్తుంది. ‘పదో పేజీలో ముందుభాగం సన్నగా గీశాం, సరేనా?’ అని అడిగితే అసలు సమాధానం వస్తుంది. బొమ్మల చిత్తుప్రతులు కూడా తప్పకుండా పంపాలి. వాక్యాలొక్కటే పంపి నేను ఒకసారి చేతులు కాల్చుకున్నాను.

4. డమ్మీ కట్టండి

రాయడానికి ముందే కట్టమంటాను. చాలామంది ఇది తర్వాత చేస్తారు. అప్పటికి వాక్యాల మీద మమకారం పుట్టి ఉంటుంది.

బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీల్లో ఎందుకుంటాయంటే, పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచి కోస్తే పేజీలు 8 లేదా 16 చొప్పున వస్తాయి కాబట్టి. 16 పేజీల మడతలు రెండు కలిస్తే 32. పిన్ను కొట్టే చిన్న పుస్తకమైతే 4తో భాగం పోయే ఏ సంఖ్యైనా సరే. మొదటి పేజీ పుస్తకం పేరుకు, 2–3 ప్రచురణ వివరాలకు, అంకితానికి పోతాయి. 4–5 నుంచి 30–31 దాకా ఎదురెదురు పేజీల జతలు 14. చివరన 32వ పేజీ ఒంటరిగా మిగులుతుంది. మీ పుస్తకమంతా ఆ 14 జతల్లో నడవాలి. అట్టకు అంటించే పేజీలు కూడా ఈ 32లోనే కలిసిపోతే ఇంకా తగ్గుతాయి. ప్రెస్సువాళ్లను ముందే అడగండి.

ఎనిమిది తెల్లకాగితాలు మధ్యకు మడిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, మధ్యలో పిన్ను కొట్టండి. 32 పేజీలు రెడీ. ప్రతి జతలో ఏం జరుగుతుందో పెన్సిల్‌తో ఒక్క ముక్కలో రాయండి, పుల్లల బొమ్మలు గీయండి. కంప్యూటర్ తెర మీద ఈ పని చేయకండి. పేజీ తిప్పడం చేతికి తెలియాలి.

బొమ్మల పుస్తకంలో పేజీ తిప్పడమే అసలు ఆయుధం. ప్రశ్న కుడి పేజీ చివర ఉండాలి, జవాబు తిప్పాక కనపడాలి. ప్రశ్నా జవాబూ ఎదురెదురుగా ఉంటే పిల్లల కళ్లు ముందే జవాబు మీదికి దూకేస్తాయి. నా డమ్మీలో పియానో భాగం ఇలా కుదిరింది. 16–17లో ఈల, వానపాము కదల్లేదు. 18–19లో బసూన్, అప్పుడూ కదల్లేదు. 20–21లో పక్కనే పియానో, ఊహూఁ. 21 కింద మూలన చిన్నగా ‘మరి పియానో మీదే పెడితే?’. తిప్పితే 22–23 నిండా పియానో, మీద రెండు కుండీల్లో మట్టి, బొరియల్లోకి జారిపోతున్న రెండు తోకలు. అక్షరం ముక్క లేదు.

అక్కడ ముందు ఒక వాక్యం రాశాను: ‘అదురు తెలియగానే వానపాములు లోపలికి వెళ్లిపోయాయి’. బొమ్మ చెప్పేసింది కదా అని కొట్టేశాను. జవాబు 24–25కి జరిగింది. మాటల్లేని ఆ 22–23 జత దగ్గర పిల్లలు తామే ‘వెళ్లిపోయాయి!’ అని అరుస్తారు. వాక్యం ఉంచితే ఆ అరుపు నేను లాగేసుకున్నట్టే.

పిల్లల దృష్టి నిలిచేందుకు మూడుసార్లు ఒకేలా జరిగి నాలుగోసారి మారడం బాగా పనిచేస్తుంది. నాలుగుసార్లు ఒకేలా జరిగితే విసుగు.

5. ఇప్పుడు రాయండి

14 జతలకు మొత్తం 300 నుంచి 500 మాటలు చాలు. నా వానపాము పుస్తకం 260 మాటల దగ్గర ఆగింది.

వాక్యాలను రెండు అంతస్తుల్లో రాసుకుంటే మంచిది. పెద్ద అక్షరాల్లో అసలు కథనం, పేజీకి ఒకటి రెండు వాక్యాలు. చిన్న అక్షరాల్లో ఇంకాస్త వివరం, అడిగేవాళ్ల కోసం. పై అంతస్తు ఒక్కటే చదువుకుంటూ పోయినా పుస్తకం పూర్తవ్వాలి. మూడేళ్లప్పుడు పెద్ద అక్షరాలతో సరిపెట్టుకున్న పిల్ల ఆరేళ్లప్పుడు అదే పుస్తకంలో చిన్న అక్షరాల దగ్గరికొస్తుంది.

ఇక తెలుగు సంగతి. మన చేతికి పెన్ను రాగానే పాఠ్యపుస్తకం పూనుతుంది. నా మొదటి చిత్తులో ఒక వాక్యం ఇలా ఉంది: ‘వానపాములు చర్మము ద్వారా శ్వాసక్రియ జరుపును. కావున వాటి చర్మము ఎల్లప్పుడును తేమగా ఉండవలెను.’ నిజమే, తప్పు లేదు. కానీ ఇలా ఏ అమ్మా బిడ్డతో మాట్లాడదు. మార్చాక: ‘వానపాముకి ముక్కు లేదు. ఒంటితోనే గాలి పీల్చుకుంటుంది. అందుకే ఒళ్లు ఎప్పుడూ తడితడిగా ఉండాలి.’ మొదటి వాక్యంలో ఉన్న సమాచారం ఏదీ పోలేదు.

‘వానపాములచే నేల సారవంతం చేయబడుతుంది’ రకం వాక్యాలు కనిపిస్తే ఎవరు ఏం చేస్తున్నారో వెతకండి. ‘వానపాము మట్టిలో దారులు చేసుకుంటూ పోతుంది. మట్టి గుల్లబారుతుంది.’ ఇలా మార్చాక క్రియ బొమ్మలో చూపించగలిగేది అవుతుంది. క్రియకు బొమ్మ గీయలేకపోతే ఆ వాక్యం పెద్దవాళ్లది.

తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. బొమ్మల పుస్తకానికి ఇది వరం. ‘చీకట్లో, మట్టి కింద, చప్పుడు చేయకుండా వానపాము…’ అని కుడి పేజీలో ఆపేయొచ్చు. ఏం చేస్తోందో చెప్పే మాట పేజీ తిప్పితే గానీ రాదు. ఏ తంటాలూ పడకుండానే ఉత్కంఠ పుడుతుంది.

ధ్వనులనూ వదులుకోకండి. చినుకులు టపటపా, వానపాము జరజరా కాదు, సాఆఆగి… ముడుచుకుని… సాఆఆగి… ముడుచుకుని. అది నిజంగా కదిలే తీరు కూడా అదే: ఒళ్లు సన్నగా సాగుతుంది, ముందుభాగం మట్టిని పట్టుకుంటుంది, వెనకభాగం ముడుచుకుని ముందుకొస్తుంది. ఒంటి మీది చిన్న ముళ్ల లాంటి వెంట్రుకలు జారిపోకుండా పట్టునిస్తాయి. చదివేవాళ్ల గొంతు సాగితే పిల్లలు చేతులు సాగదీస్తారు. శాస్త్రం ఒంట్లోకి దిగిపోతుంది.

ప్రాస విషయంలో కాస్త జాగ్రత్త. మన వాక్యాలన్నీ ‘తుంది’తో ముగుస్తాయి కాబట్టి అంత్యప్రాస ఊరికే వచ్చేస్తుంది. ఊరికే వచ్చేదానికి విలువ తక్కువ. ‘మట్టి గట్టిగా ఉన్నా నెట్టుకుంటూ పోతుంది’ లాంటిచోట రెండో అక్షరం దగ్గర కలిసే మన పాత ప్రాస చెవికి ఎంత హాయిగా ఉందో చూడండి. అయితే ప్రాస కోసం నిజాన్ని వంచాల్సి వస్తే, ప్రాసనే వదిలేయండి.

అంకెలను పిల్లలు కొలవగలిగే వాటిలోకి మార్చాలి. అన్నిటికన్నా పెద్ద నీలి తిమింగలాలు దాదాపు 30 మీటర్లు ఉంటాయి. ఐదేళ్ల వాళ్లకి మీటరంటే ఏం తెలుస్తుంది? చేతులు బారజాపితే ఆ వయసు పిల్లలు ఒక మీటరు, కాస్త ఎక్కువ ఉంటారు. చేయీ చేయీ పట్టుకుని పాతికమందికి పైగా పిల్లలు వరసగా నిలబడితే ఒక తిమింగలం. తరగతి గదిలో నిలబెట్టి చూపించొచ్చు కూడా.

పిల్లలు తామే చదువుకునే పుస్తకమైతే ఇంకో లెక్క చూడాలి: ఒత్తులు. ‘వానపాము’ నాలుగక్షరాల మాట, ఒక్క ఒత్తూ లేదు, గుణింతాలు వస్తే చాలు. ‘మట్టి’, ‘ముక్కు’ ద్విత్వాలు, ఆ తర్వాతి మెట్టు. ‘చర్మం’ సంయుక్తాక్షరం, ఇంకో మెట్టు. ‘ఉష్ణోగ్రత’ ఒక్క మాటలోనే రెండు సంయుక్తాక్షరాలు. మాట అర్థం తేలికా కష్టమా అన్నది ఒకటి, అక్షరం తేలికా కష్టమా అన్నది ఇంకొకటి. ఒత్తులు లేని మాటలే ఏరుకుంటూ పోతే వాక్యం కుంటుతుంది, అలా రాసిన పుస్తకాలు చదువుతుంటే రాళ్లు నమిలినట్టుంటుంది. కాబట్టి ఒక్కో పేజీకి కష్టమైన మాట ఒకటికి మించకుండా చూసుకుని, ఆ ఒక్కటీ మూడు నాలుగు పేజీల్లో మళ్లీ మళ్లీ వచ్చేలా చేస్తే చాలు. మూడోసారికి చదివేస్తారు.

జంతువు చేత మాట్లాడించొచ్చా? ‘హాయ్, నేను వానపామును!’ అని మొదలయ్యే పుస్తకాలు బోలెడు. నాకు నచ్చవు. వానపాము తన గురించి తాను చెప్పుకోదు, దానికి మన లాంటి ఆలోచనలూ లేవు. నిజం చెప్తానని కూర్చుని మొదటి వాక్యంతోనే అబద్ధం ఆడినట్టుంటుంది. అయినా మాట్లాడించాలనిపిస్తే, ఏది ఊహో ఏది నిజమో చివరి పేజీలో చెప్పండి.

6. బొమ్మలు

పిల్లల కోసం బొమ్మలతో లోకాన్ని చెప్పే ప్రయత్నం పాతదే. కొమేనియస్ అనే విద్యావేత్త 1658లో నూరెంబర్గ్‌లో లాటిన్, జర్మన్ భాషల్లో తెచ్చిన పుస్తకంలో బొమ్మలోని ప్రతి వస్తువుకీ ఒక అంకె వేసి, పక్కనున్న వాక్యంలో అదే అంకె ఇచ్చాడు. మూడున్నర శతాబ్దాలు దాటినా బొమ్మకూ మాటకూ ముడివేయడానికి ఇంతకన్నా తేలికైన ఉపాయం నాకు తెలియదు. లోపలి భాగాలు చూపించే పేజీల్లో నేనూ ఇదే వాడుతాను.

చిత్రకారులు వేరే అయితే వాళ్లకు వాక్యాలతో పాటు ఫోటోలు, కొలతలు, మీ నోటుపుస్తకం నకలు ఇవ్వండి. ‘అందంగా గీయండి’ అనొద్దు, గీస్తారు. ఏది మార్చకూడదో చెప్పండి, మిగతాది వాళ్లకు వదిలేయండి. వాక్యం ‘మట్టి కింద’ అంటే, ఆ మట్టిలో వేర్లు, రాళ్లు, చీమలు ఏం పెట్టాలన్నది వాళ్ల సొంతం. పిల్లలు పదోసారి చదివేటప్పుడు వెతికేవి అవే.

తరచూ కనిపించే తప్పులు కొన్ని చెప్తాను. చీమకి ఆరు కాళ్లూ నడిమి భాగానికే ఉంటాయి, వెనకున్న పెద్ద పొట్టకు ఉండవు. సాలీడుకి ఎనిమిది కాళ్లు. సీతాకోకచిలుకకి రెక్కలు నాలుగు. ఇంద్రధనుస్సులో ఎరుపు పైన, ఊదా లోపల. నెలవంక కొమ్ముల మధ్య నక్షత్రం మెరవడం అసాధ్యం, అక్కడ కనపడకపోయినా చంద్రుడే ఉన్నాడు. ధ్రువపు ఎలుగుబంటి ఉండేది ఉత్తరాన, పెంగ్విన్లలో దాదాపు అన్ని రకాలూ దక్షిణాన, ఒకే మంచు ముక్క మీద కలుసుకునే వీల్లేదు. వానపాము కళ్ల సంగతి మళ్లీ చెప్పను.

పరిమాణం ఇంకో చిక్కు. పేజీ నిండా గీసిన వానపాము చూసి అది కొండచిలువంత ఉంటుందని అనుకున్న పిల్లలున్నారు. పక్కన ఒక గడ్డిపోచో, పిల్లల వేలో ఉంటే ఆ తికమక ఉండదు.

జతలో ఒకటే పెద్ద బొమ్మ వేసేటప్పుడు మధ్యలోని మడతను మరిచిపోవద్దు. ముఖం, చేయి, ముఖ్యమైన వివరం అక్కడ పడితే అందులో సగాన్ని మడత మింగేస్తుంది. కోతలో అంచులు తెల్లగా మిగలకుండా బొమ్మను నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగించి ఇవ్వాలి.

7. అక్షరాల అమరిక

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ఇంగ్లిష్ పుస్తకానికి సరిపోయే వరస ఎడం మనకు చాలదు. పై వరస ఒత్తు కింది వరస గుడిని తగులుతుంటే ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకునేవాళ్లకు అది కొత్త అక్షరంలా కనిపిస్తుంది. అక్షరం ఎంతుంటే దానికి ఒకటిన్నర రెట్లయినా ఎడం పెట్టండి. సొంతంగా చదివే పిల్లల కోసం నేను 20 నుంచి 24 పాయింట్ల సైజు వాడతాను. గీతల మందం సమంగా ఉన్న ఫాంటు ఎంచుకోండి. వంకీల ఫాంట్లు అట్ట మీద పేరుకి బాగుంటాయి, లోపల వద్దు.

వరస చివర మాటను విరిచి కింది వరసలోకి తోయకండి. మన మాటలు పొడుగు, అందుకే రెండంచులూ సమం చేయాలని చూస్తే మాటల మధ్య గుంతలు పడతాయి. కుడి అంచును వదిలేయండి. ఊపిరి ఆగేచోట వరస ఆగితే చదివేవాళ్లకు సుఖం.

8. పిల్లల ముందు పెట్టండి

‘బాగుందా?’ అని అడగొద్దు. బాగుందనే అంటారు. చదివి వినిపించేది మీరు కాకుండా ఇంకెవరైనా అయితే మేలు, మీ గొంతు పుస్తకంలోని లోపాలను కప్పేస్తుంది. మీరు పక్కన పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. పిల్లల చూపు పేజీ దాటి వెళ్లినచోట ఒక గీత, చదివేవాళ్ల నాలుక తడబడినచోట ఒక సున్న, పిల్లలు మధ్యలో మాట్లాడినచోట ఆ మాట. గీతలు మూడు ఒకే పేజీ మీద పడితే ఆ పేజీ మార్చాల్సిందే.

తర్వాత పుస్తకం మూసేసి ‘తమ్ముడికి ఈ పుస్తకం చెప్పవా?’ అనండి. వాళ్లు చెప్పే క్రమంలో ఏది పోయింది, ఏది తిరగబడింది, ఏది కొత్తగా పుట్టింది అన్నది మీకు దొరికే అతి మంచి ఎడిటింగ్. నా డమ్మీ విన్న ఒక బాబు ‘వానపాముకి పియానో అంటే భయం’ అని చెప్పాడు. తప్పు వాడిది కాదు. 24–25లో ‘అదిరిపోయింది’ అని రాశాను. మన మాటలో అదిరిపోవడమంటే బెదిరిపోవడం కూడా. ‘నేల కదిలితే వానపాము ఒంటికి తెలుస్తుంది’ అని మార్చాక ఆ గొడవ పోయింది.

9. ప్రెస్సుకి పంపే ముందు

చివరి రెండు పేజీలు పెద్దవాళ్లకు కేటాయించండి: పిల్లలు అడగగల నాలుగు ప్రశ్నలు, వాటి జవాబులు, చేసి చూసే పని ఒకటి. వానపామును పట్టుకోవాలంటే చెయ్యి తడి చేసుకోవాలని, కాసేపు చూశాక దొరికినచోటే వదిలేయాలని నేను అక్కడ రాశాను.

బొమ్మలు 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలకు) తగ్గకుండా ఉండాలి. తెర మీద మెరిసే పచ్చ, నీలం అచ్చులో కొంచెం చచ్చుబడతాయి కాబట్టి ఒక నమూనా పేజీ తీయించి చూడండి. అక్షరాలను నాలుగు రంగుల కలయికతో కాకుండా ఒక్క నలుపుతోనే పెట్టించండి. గీతలు స్పష్టంగా వస్తాయి, రేపు ఇంకో భాషలో వేయాలంటే నలుపు ప్లేటు ఒక్కటి మారిస్తే సరిపోతుంది.

పేజీలు కట్టాక తెలుగు మొత్తం మళ్లీ మొదటి నుంచి చదవండి, ఫైలులో కాదు, కాగితం మీద. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ అడోబీ ఇన్‌డిజైన్‌లో ‘వరల్డ్ రెడీ కంపోజర్’ అనే సెట్టింగు ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పొల్లుగా నిలబడతాయి. తెలుగు రాని డిజైనర్ చేతిలో అది దాటిపోతుంది. నా పుస్తకంలో ‘మట్టి’ మూడుచోట్ల ‘మట్‌టి’గా మారింది. చివరి ప్రూఫులో, సాయంత్రం వెలుతురు తగ్గుతుండగా, వేలు పెట్టి ఒక్కో మాటా చదువుతుంటే దొరికింది, ఆ పాప చుక్క మీద పెట్టినట్టే.